విషవాయువును కడుగు గోపురము

రసాయన కర్మాగారముల ప్రక్క కిటికీలు లేని పొడవాటి స్తంభములను మీలో కొందరు చూచియుందురు. వానిలో కొన్ని వాయువును కడుగు గోపురములు. లోపల యంత్రమేదియు లేదు. పింగాణి ఉంగరములనో, ప్లాస్టిక్ ముక్కలనో గుట్టగా నింపియుందురు. పైనుండి నీరుగాని క్షారజలముగాని జారును. క్రిందినుండి వాయువు ఎక్కును. తడిసిన ఉంగరములపై రెండును కలిసికొనగా విషము ద్రవములోనికి దిగిపోవును.

ఉపాయము పాతదే. ఇంగ్లండులో సోడా కర్మాగారములనుండి వెలువడు హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు చుట్టుపట్ల పైరులను మాడ్చివేయుచుండెడిది. 1836లో విలియమ్ గాసేజ్ ఒక గోపురమును పొదలతో, కొమ్మలతో నింపి, నీరు జార్చి దానిని పట్టెను. 1863లో అచటి పార్లమెంటు నూటికి 95 పాళ్ళు పట్టి తీరవలెనని శాసించెను.

అయితే గోపురము ఎంత లావు, ఎంత ఎత్తు ఉండవలెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానములు వేరు. లావును నిర్ణయించునది వాయుప్రవాహము. గోపురము ఇరుకైనచో వాయువు వేగము హెచ్చి, దిగవలసిన నీటిని దిగనీయదు. నీరు లోపలనే నిలిచి గోపురము మునుగును. కావున ఆ మునుగు వేగములో నూటికి 60, 70 పాళ్ళవద్దనే నిలుపుదురు. వాయువు రెట్టింపైనచో వైశాల్యము రెట్టింపు కావలెను. అనగా వ్యాసము సుమారు 1.4 రెట్లు.

ఎత్తు లెక్క గృహిణులకు తెలిసినదే. బట్టను జాడించినప్పుడు ప్రతి నీటికిని మిగిలిన మురికిలో కొంత పాలే పోవును గదా! సులభముగా కరగు వాయువులో నూటికి 90 పాళ్ళను మూడు మీటర్ల నింపుడు పట్టినదనుకొనుడు. మరి మూడు మీటర్లు మిగిలిన పదింటిలో తొమ్మిదింటినే పట్టును. 99 పాళ్ళకు ఆరు మీటర్లు, 99.9 పాళ్ళకు తొమ్మిది. ఆ చివరి పిసరే ఖరీదైనది.

ఈ లెక్కలన్నియు ఒక అంకెపై ఆధారపడియున్నవి: రాబోవు వాయువెంత? 1984 డిసెంబరు 2 రాత్రి భోపాలులో సుమారు 40 టన్నుల విషద్రవ్యము వెలికి వచ్చెను. అచటను క్షారజలపు గోపురము కలదు. కాని దానిని కొద్దిపాటి ఆవిరికే నిర్మించిరి. ఆ ఉప్పెన ముందు అది ఏపాటిది?

పైగా ద్రవమును చాలినంత ఉండవలెను. మంచినీటి కేంద్రములలో క్లోరినును 900 కిలోల సిలిండర్లలో నిలువ ఉంచుట కలదు. కిలో క్లోరినును అణచుటకు సుమారు 1.13 కిలోల కాస్టిక్ సోడా కావలెను. సిలిండరంతయు కారినచో వెయ్యి కిలోలకు పైమాటే. తొట్టిలో అందు సగమే ఉన్నచో, వ్యాసమును ఎత్తును ఎంత సరిగా కుదిరినను, సిలిండరు సగము ఖాళీయైన పిమ్మట క్లోరిను గోపురము పైనుండి ఊరిమీదికే పోవును.