శత్రువు భాషలో వినిపించిన మనిషి

కరీంనగరు జిల్లా చొప్పదండిలోని జవహర్ నవోదయ విద్యాలయము వంటి పాఠశాలలకు ఒక ఏర్పాటున్నది. తొమ్మిదవ తరగతి విద్యార్థులలో కొందరు అన్యభాషా రాష్ట్రములోని నవోదయకు వెళ్లి ఒక సంవత్సరము చదువవలెను. పరభాష నేర్చుట ఎందులకని అడిగే బాలునికి ఉపాధ్యాయుడు చెప్పదగిన జీవితము డొనాల్డ్ కీన్‌ది.

కీన్ 1922లో న్యూయార్కులో జన్మించినారు. కొలంబియా విశ్వవిద్యాలయములో చదువుచుండగా, 1940లో 49 సెంట్లకు కొన్న ‘గెంజీ కథ’ ఆంగ్లానువాదము ఆయనను జపాను సాహిత్యము వైపు మళ్లించినది. అది వేయేండ్లనాటి జపాను నవల. 1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బరుపై దాడి చేసినది. మరుసటి సంవత్సరము కీన్ అమెరికా నౌకాదళపు జపనీసు భాషా పాఠశాలలో చేరి, పదకొండు మాసములు శిక్షణ పొంది, గూఢచార విభాగములో అధికారి అయినారు.

శత్రువుల నుండి చిక్కిన పత్రములను అనువదించుట ఆయన ఉద్యోగము. వాటిలో మరణించిన జపాను సైనికుల డైరీలుండెడివి. కొన్నింటిపై నెత్తుటి మరకలుండెడివి. సైనిక రహస్యముల కొరకు వాటిని తెరచిన కీన్‌కు అందులో ఆకలి, భయము, ఇంటిపై బెంగ కనిపించినవి. కొందరు చివరి పుటలో ఆంగ్లమున ఒక విన్నపము వ్రాసిరి: యుద్ధము ముగిసిన పిమ్మట దీనిని మా ఇంటివారికి చేర్చవలసినదని. నిబంధన ఒప్పుకొనకపోయినను కీన్ ఆ డైరీలను దాచినారు. సోదాలో అవి బయటపడగా అధికారులు తీసికొనిపోయినారు. ఆ విన్నపమును తీర్చలేకపోతినన్న బాధ ఆయనను విడువలేదు.

యుద్ధానంతరము కీన్ ఆ భాషను విడిచిపెట్టలేదు. 1953లో క్యోటో చేరి చదువుకొన్నారు. 1955 నుండి కొలంబియాలో జపాను సాహిత్యము బోధించినారు. అదే యేట ఆయన కూర్చిన జపాను సాహిత్య సంకలనము ఆంగ్ల పాఠకులకు క్రొత్త లోకమును చూపినది. జపాను డైరీల సుదీర్ఘ చరిత్రపై 1989లో ఒక గ్రంథమే వెలువరించినారు. 2011 నాటి భూకంపము, సునామీల అనంతరము, పలువురు విదేశీయులు జపానును వీడుచున్న వేళ, ఆయన అక్కడనే స్థిరపడ నిశ్చయించి 2012లో జపాను పౌరసత్వము స్వీకరించినారు. 2019లో, 96 యేండ్ల వయసున, టోక్యోలో కన్నుమూసినారు.

నౌకాదళము ఆయనకు ఆ భాషను శత్రువును ఓడించుటకు నేర్పినది. ఆయన దానిని శత్రువు ఇంటి మాట వినుటకు కూడ వాడుకొన్నారు. పాఠశాలలో పరభాష నేర్పు ఉపాధ్యాయుడు వ్యాకరణముతో పాటు, ఆ భాషలో ఎవరో ఇంటికి వ్రాసిన ఒక ఉత్తరమును కూడ చదివించవలెను.