పై అంకె ఒకటే అయితే ఏ భిన్నం పెద్దది?

తెలంగాణలో ఒకరికి ఐదు గుంటల భూమి ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో మరొకరికి ఐదు సెంట్లు ఉంది. ఎవరిది ఎక్కువ? రెండు కొలతలూ తెలిసినవాళ్లు గుంటలున్నవారిదేనని వెంటనే చెప్పేస్తారు. ఎకరాన్ని 40 సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం గుంట. అదే ఎకరాన్ని 100 భాగాలు చేస్తే ఒక్కో భాగం సెంటు. అంటే ఒకరిది ఎకరంలో 5/40, ఇంకొకరిది 5/100. గుంటకు రెండున్నర సెంట్లు కాబట్టి ఐదు గుంటలు పన్నెండున్నర సెంట్లవుతాయి.

పొలం మాటగా అడిగితే తడుముకోనివాళ్లు కూడా, కాగితం మీద 5/40, 5/100 అని రాసిచ్చి ఏది పెద్దదంటే కాస్త ఆగుతారు. పిల్లలైతే చాలాసార్లు 5/100 మీదే వేలు పెడతారు. అది తెలివితక్కువతనం కాదు. భిన్నాల దాకా వచ్చేలోపు కొన్నేళ్లపాటు వాళ్లు నేర్చుకున్నదల్లా 40 కన్నా 100 పెద్దదనే. నేర్చుకున్నదాన్ని నమ్మి ఇక్కడా వాడుతున్నారు. కింద ఉన్న అంకె చేసే పని వేరని వాళ్లకు ఎవరో ఒకరు ఓపిగ్గా చూపించాలి.

భిన్నంలో పై అంకె లవం, కింది అంకె హారం. మొత్తాన్ని ఎన్ని సమాన భాగాలు చేశామో హారం చెబుతుంది. అందులో ఎన్ని భాగాలు తీసుకున్నామో లవం చెబుతుంది. మొత్తం పెరగదు, తరగదు. కాబట్టి ఎక్కువమందికి పంచేకొద్దీ ఒక్కో వాటా చిన్నదవుతుంది. 1/5 కన్నా 1/8 చిన్నది, దానికన్నా 1/11 ఇంకా చిన్నది. పెద్ద వాటాలు మూడు తీసుకున్నా, చిన్న వాటాలు మూడు తీసుకున్నా లెక్కకు మూడే. కానీ పెద్ద వాటాలు మూడు కలిస్తేనే ఎక్కువవుతుంది. అందుకే 3/5, 3/8, 3/11లలో 3/5 అన్నిటికన్నా పెద్దది, 3/11 అన్నిటికన్నా చిన్నది. లవాలు సమానమైనప్పుడు హారం చిన్నదైన భిన్నమే పెద్దది.

ఆరోహణ క్రమంలో, అంటే చిన్నదానితో మొదలుపెట్టి రాయమంటే, హారాలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చుకుంటే చాలు. 4/9, 4/21, 4/5, 4/13 ఇస్తే వరుస 4/21, 4/13, 4/9, 4/5. ఒక్క గుణకారం కూడా అక్కర్లేదు. 7/2, 7/3 లాంటి ఒకటిని మించిన భిన్నాలకూ ఇదే సూత్రం: 7/2 పెద్దది. అయితే ఇదంతా ధన సంఖ్యల మాట. రుణ భిన్నాల్లో వరుస తిరగబడుతుంది: 3/7 కన్నా 3/5 పెద్దది కాబట్టి, -3/7 కన్నా -3/5 చిన్నది. ఇంకో జాగ్రత్త కూడా కావాలి. రెండు భిన్నాలూ ఒకే మొత్తానికి సంబంధించినవై ఉండాలి. రెండెకరాల్లో సగం కన్నా పదెకరాల్లో పావు ఎక్కువే.

ఇంత చిన్న సూత్రానికి ఇంత వివరణ ఎందుకంటే, దీని అసలు ఉపయోగం లవాలు వేరువేరుగా ఉన్నప్పుడు తెలుస్తుంది. విజాతి భిన్నాలను, అంటే హారాలు వేరైనవాటిని, పోల్చమనగానే మన బడుల్లో అందరి చేతులూ హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) వైపే వెళతాయి. ఆ పద్ధతి తప్పు కాదు, ఎప్పుడూ పనిచేస్తుంది. కానీ దాన్ని ఒక్కదాన్నే నేర్పి వదిలేయడం పిల్లలకు నష్టమని నేను గట్టిగా అనుకుంటాను. ఉదాహరణకు 3/7, 6/13, 2/5 తీసుకోండి. హారాల క.సా.గు. 455. మూడు భిన్నాలనూ ఆ హారానికి మార్చాలంటే పెద్ద గుణకారాలే చేయాలి. ఇప్పుడు పైకి చూడండి. లవాలు 3, 6, 2. వాటి క.సా.గు. 6. మొదటి భిన్నంలో పైనా కిందా రెండుతో గుణిస్తే 6/14, మూడోదాంట్లో మూడుతో గుణిస్తే 6/15. మధ్యది 6/13గానే ఉంటుంది. లవాలు ఒకటయ్యాయి కాబట్టి హారాలు చూసి చెప్పేయవచ్చు: 2/5 చిన్నది, తర్వాత 3/7, అన్నిటికన్నా పెద్దది 6/13. రెండు నోటి లెక్కలతో పని పూర్తయింది.

పైకి ఏమాత్రం పొంతన కనిపించని చోట కూడా ఇదే సూత్రం దాగి ఉంటుంది. 11/12, 17/18లలో ఏది పెద్దది? రెండూ ఒకటికి దగ్గరగా ఉన్నాయి. ఒకటి కావడానికి ఇంకెంత కావాలో చూడండి. మొదటిదానికి 1/12 తక్కువ, రెండోదానికి 1/18 తక్కువ. ఈ లోట్ల లవాలు సమానం, అందులో 1/18 చిన్నది. లోటు తక్కువున్న 17/18 పెద్దది. ఈ ఆలోచనను ఒక్కసారి పట్టుకున్న పిల్లలు భిన్నాలకు భయపడడం మానేసి వాటితో ఆడుకోవడం మొదలుపెడతారు.

పరుగు పందేల్లోనూ మనం చేసేది ఈ పోలికే. వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించగా వచ్చేది. వంద మీటర్ల పందెంలో దూరం మారదు, అంటే లవం ఎప్పుడూ 100. ఉసేన్ బోల్ట్ 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో 9.69 సెకన్లలో, 2009లో బెర్లిన్ ప్రపంచ పోటీల్లో 9.58 సెకన్లలో పరుగు ముగించాడు. 100/9.69 సెకనుకు సుమారు 10.32 మీటర్లు, 100/9.58 సుమారు 10.44 మీటర్లు. సెకన్లు తగ్గితే వేగం పెరిగిందని ఏ భాగహారమూ చేయకుండానే మనకు తెలుసు. హారం తగ్గితే భిన్నం పెరుగుతుందన్నది అదే తెలివి.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. పిల్లలు భిన్నాలను పోల్చబోతున్నప్పుడు క.సా.గు. గడి గీసేలోపు ఒక్క నిమిషం ఆపి, పై అంకెలను చూడమనండి. 4/9, 6/13, 3/7, 12/25 ఇచ్చి వరుసలో రాయమనండి. ఇక్కడ హారాల క.సా.గు. 20475, లవాల క.సా.గు. 12. జవాబు: 3/7, 4/9, 6/13, 12/25.