హలో... బండి ఆపారా?

బైకు మీద వెళ్తుంటే జేబులో ఫోను మోగుతుంది. చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. మెడ పక్కకు వాలుతుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుంటుంది. బండి మాత్రం ఆగదు! కామారెడ్డి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదైనా, అక్కణ్నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలోనైనా కాసేపు నిలబడితే ఇలా వాలిన మెడలు ఎన్నో కనిపిస్తాయి.

ఐదు సెకన్లే కదా!

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దూసుకుపోతుంది. ఫోను ఎవరిదో చూడ్డానికి ఐదు సెకన్లు కళ్లు తిప్పితే 80 మీటర్లకు పైగా కళ్లు మూసుకుని నడిపినట్టే. తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరే రోడ్డులో ఆ 80 మీటర్లలో ఏదైనా ఎదురుకావచ్చు. పొలంలోంచి రోడ్డెక్కే ట్రాక్టరు, బడి నుంచి వచ్చే పిల్లలు, కోతల రోజుల్లో ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు...

చెవిలో ఇయర్‌ఫోన్లు ఉంటే ఫర్వాలేదనుకుంటారు చాలామంది. కెనడాలోని టొరంటోలో జరిపిన అధ్యయనం ఫలితాలు 1997లో వెలువడ్డాయి. ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం నాలుగు రెట్లు పెరుగుతుందనీ, చేతులు ఖాళీగా ఉన్నా పెద్ద తేడా లేదనీ తేలింది. స్టీరింగు మీద చేతులున్నా మనసు మాటల్లో ఉంటుంది మరి!

మాసాయిపేట మరవలేం

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా చిన్నారులు చనిపోయారు. డ్రైవరూ బతకలేదు. ఆ సమయంలో డ్రైవరు ఫోన్లో మాట్లాడుతున్నాడని బతికి బయటపడ్డ పిల్లలు చెప్పినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. అది కామారెడ్డి మీదుగా నిజామాబాద్ వెళ్లే రైలు మార్గమే.

డ్రైవింగ్‌లో ఫోను వాడకం వల్ల 2021లో దేశవ్యాప్తంగా 1,040 మంది ప్రాణాలు పోయాయని ప్రభుత్వ లెక్క.

ఫోను డిపోలోనే!

2025 సెప్టెంబరు 1న తెలంగాణ ఆర్టీసీ 11 డిపోల్లో ప్రయోగాత్మకంగా ఒక పద్ధతి మొదలుపెట్టింది. వాటిలో కామారెడ్డి ఒకటి. డ్యూటీ ఎక్కేముందు డ్రైవరు తన ఫోన్ను డిపోలో అప్పగించాలి. ఇంట్లో అత్యవసరమైతే డిపో ద్వారా కబురందుతుంది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఫోను చేత్తో పట్టుకుని నడిపితే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు... రెండూ పడొచ్చు.

అవతల ఉన్నది మనమే!

అంతా డ్రైవరు తప్పేనా? 'ఎక్కడి దాకా వచ్చినవ్?', 'వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలు తీసుకురా' అని అడిగేది చాలాసార్లు ఇంటివాళ్లే. అందుకే ఇంటిల్లిపాదీ కొన్ని నియమాలు పెట్టుకోవాలి.

* బయల్దేరేముందే చెప్పాల్సినవన్నీ చెప్పుకోవాలి.
* ఫోను ఎత్తకపోతే వెంటవెంటనే చేయొద్దు. బండి మీద ఉన్నారనుకోవాలి.
* ఎత్తితే మొదటి మాట 'బండి ఆపావా?' అని ఉండాలి. లేదంటే వెంటనే పెట్టేయాలి.
* పక్కన ఎవరైనా ఉంటే ఫోను వాళ్ల చేతికివ్వాలి.
* తప్పనిసరైతే రోడ్డు దిగి, పక్కన ఆపి మాట్లాడాలి.

ఉల్లిగడ్డలు రేపైనా తెచ్చుకోవచ్చు. మనిషి ఈ పూట ఇల్లు చేరాలి.