చెరిపేసిన ఫైలు ఎక్కడికి పోతుంది?

ఎక్స్‌టర్నల్ డిస్కులో దాచుకున్న ఫోటోలను మీరు పొరపాటున చెరిపేశారనుకోండి. అవి నిజంగా మాయమైపోయాయా? లేదు!

ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ప్రతి డిస్కులోనూ ఉంటుంది. 'ఫ్యాట్-32' పద్ధతిలో కంప్యూటరు ఆ పట్టికలో ఫైలు పేరు మొదటి అక్షరానికి బదులు 229 అనే సంఖ్య రాసి, ఫైలున్న చోటు ఖాళీ అని నమోదు చేస్తుంది. అంతే! ఫోటో ఉన్నచోటే ఉంటుంది. విషయసూచికలో పేరు కొట్టివేస్తే పుస్తకంలోని పాఠం పోతుందా?

మరి పట్టికే పాడైతే? జేపెగ్ ఫోటో ఏదైనా డిస్కులో 255, 216 అనే సంఖ్యలతోనే మొదలవుతుంది. 'ఫోటోరెక్' వంటి ప్రోగ్రాములు డిస్కంతా గాలించి, ఇలాంటి గుర్తులతో ఫోటోలను పట్టుకుంటాయి.

అయితే జాగ్రత్త! ఖాళీ అని నమోదైన చోట కొత్త ఫైలు చేరిందా, పాతది ఇక దొరకదు. కనుక పొరపాటు తెలియగానే ఆ డిస్కును వాడటం ఆపండి. వెలికితీసిన ఫోటోలను మరో డిస్కులో దాచండి. ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ తక్కువే. 'ట్రిమ్' అనే ఆదేశం అందితే అది చెరిపిన చోటును తానే తుడిచివేసుకుంటుంది.

అందుచేత ముఖ్యమైన ఫైళ్ళకు రెండో ప్రతి వేరేచోట ఉంచుకోవడమే అన్నిటికన్నా మేలు.