ల్యాప్‌టాప్‌లో శాశ్వత కీ ఎందుకు?

క్లౌడ్ మీద పనిచేసే చాలామంది ఇంజినీర్ల ల్యాప్‌టాప్‌లో, పేరు ముందు చుక్క ఉన్న ఒక ఫోల్డర్ దాగి ఉంటుంది. చుక్క ఉంది కాబట్టి మామూలుగా కనబడదు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ క్లౌడ్ ఖాతాల బాగోగులు చూడటం నా పని. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొట్టమొదట చూపించేది ఆ ఫోల్డర్‌లోని 'క్రెడెన్షియల్స్' ఫైలే. అందులో రెండు వరుసలుంటాయి: 20 అక్షరాల కీ పేరు, 40 అక్షరాల రహస్యం. అమెజాన్ క్లౌడ్‌లో ఆ పేరు 'ఏకేఐఏ' అని మొదలైతే అది శాశ్వత కీ. ఎవరైనా ఆ రెండు వరుసలు కాపీ చేసుకున్నారంటే, ఏ దేశంలో కూర్చున్నా సరే, క్లౌడ్ లెక్కలో వాళ్లే ఆ ఇంజినీరు. విడిగా నిబంధన పెట్టి ఉంటే తప్ప ఓటీపీ కూడా అడగదు. మనం తీసేసేదాకా ఆ కీ పనిచేస్తూనే ఉంటుంది.

2016లో ఉబర్‌కు తగిలిన దెబ్బ ఇదే. ఆ సంస్థ ఇంజినీర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ ప్రైవేట్ రిపాజిటరీలోకి బయటివాళ్లు చొరబడ్డారు. అక్కడ వాళ్లకు అమెజాన్ కీ దొరికింది. దాంతో స్టోరేజీలోకి వెళ్లి 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు పట్టుకుపోయారు. 2017 నవంబరు దాకా ఆ సంగతి లోకానికి తెలియలేదు.

ఫెడరేటెడ్ లాగిన్ వచ్చింది ఇలాంటి కీల అవసరమే లేకుండా చేయడానికి. క్లౌడ్ మనకు వేరే పాస్‌వర్డ్ ఇవ్వదు, మన ఆఫీసు లాగిన్‌నే నమ్ముతుంది. మనిషి ఎవరో తేల్చే బాధ్యత మైక్రోసాఫ్ట్ ఎంట్రా, గూగుల్ వర్క్‌స్పేస్, ఆక్టా లాంటి ఐడెంటిటీ ప్రొవైడర్‌ది. గెజిటెడ్ ఆఫీసర్ ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టిన జిరాక్సు కాపీలు గుర్తున్నాయా? కాలేజీ క్లర్కుకి మనమెవరో తెలియదు. ఆ సంతకాన్ని నమ్మి కాగితం తీసుకునేవాడు. ఇక్కడ ఆ సంతకం డిజిటల్‌ది. 'ఈమె మా ఫలానా ఉద్యోగి' అన్న పత్రం మీద ప్రొవైడర్ సంతకం చేస్తుంది. ముందే తీసిపెట్టుకున్న సర్టిఫికెట్‌తో క్లౌడ్ దాన్ని సరిచూసుకుంటుంది. ఆ పత్రం ఎలా ఉండాలో చెప్పే శామ్ల్ 2.0 ప్రమాణం 2005 నాటిది. సరిచూశాక చేతికొచ్చే కీ 'ఏఎస్ఐఏ' అని మొదలవుతుంది. దాని ఆయుష్షు మామూలుగా ఒక గంట, పెంచినా 12 గంటలు. దొంగిలించినవాడికి దక్కేదీ అంతే.

చిక్కల్లా నల్ల తెర దగ్గర వచ్చింది. శామ్ల్‌ను బ్రౌజర్ కోసం తయారుచేశారు. కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో లాగిన్ పేజీ ఎక్కడ తెరుచుకుంటుంది? అందుకని ఇంజినీర్లు సొంతంగా స్క్రిప్టులు రాసుకున్నారు. అవి మన పాస్‌వర్డ్ తీసుకుని, లాగిన్ పేజీలో తామే నింపి, వచ్చిన జవాబులోంచి ఆ పత్రాన్ని ఏరుకునేవి. పేజీ రూపం కాస్త మారితే చాలు, ఆగిపోయేవి. ఆఫీసు పాస్‌వర్డ్‌ను ఇంకో ప్రోగ్రాం చేతిలో పెట్టడం నాకెప్పుడూ నచ్చలేదు.

దారి టీవీల వైపు నుంచి వచ్చింది. టీవీలో సినిమా యాప్ తెరిస్తే తెర మీద ఒక కోడ్ వస్తుంది, దాన్ని ఫోన్లో కొడితే టీవీలో లాగిన్ అయిపోతుంది. 2019లో ప్రమాణంగా అచ్చయిన ఆ పద్ధతే టెర్మినల్‌కూ సరిపోయింది. కమాండ్ కొడితే బ్రౌజర్ తెరుచుకుంటుంది, పాస్‌వర్డూ ఓటీపీ అక్కడే ఇస్తాం, టెర్మినల్‌కు తాత్కాలిక అనుమతి చీటీ లాంటి టోకెన్ మాత్రమే చేరుతుంది. అమెజాన్ టూల్ కొత్త వెర్షన్లలో బ్రౌజరూ టెర్మినలూ ఒకే మెషిన్ మీదుంటే ఆ కోడ్ అవసరం కూడా లేదు.

అమర్చుకోవడం ఒకసారి చేసే పని. అడ్మిన్ వైపు, అమెజాన్‌లో లాగిన్లు చూసుకునే ఐడెంటిటీ సెంటర్‌ను ఆఫీసు ప్రొవైడర్‌తో కలిపి, ఏ గ్రూపుకి ఏ ఖాతాలో ఎంత అధికారమో పర్మిషన్ సెట్లుగా రాసిపెట్టాలి. అసలు శ్రమంతా ఇక్కడే. అందరికీ అడ్మిన్ హక్కులు ఇచ్చేస్తే ఎంత తక్కువ గడువు పెట్టి ఏం లాభం? ఉద్యోగి వైపు 'ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్ ఎస్ఎస్ఓ' కమాండ్ కొట్టి, అడిగినవి చెప్పి, ప్రొఫైల్‌కు ఒక పేరు పెట్టుకోవాలి. ఆ తర్వాత 'ఏడబ్ల్యూఎస్ ఎస్ఎస్ఓ లాగిన్' అంటే చాలు.

మావాళ్లు ఎక్కువగా తడబడేది రీజియన్ అడిగినప్పుడు. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. ముంబైది అంతకన్నా పాతది. సర్వర్లు హైదరాబాద్‌లో ఉన్నా, ఐడెంటిటీ సెంటర్‌ను ముంబైలో నెలకొల్పి ఉంటే, లాగిన్ రీజియన్ దగ్గర ముంబై అనే చెప్పాలి. ఇంకొకటి: పాత కీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా మిగిలి ఉంటే, టూల్ చడీచప్పుడు లేకుండా దాన్నే వాడేసే అవకాశం ఉంది. అందుకే లాగిన్ అయ్యాక 'గెట్ కాలర్ ఐడెంటిటీ' కమాండ్‌తో ఇప్పుడు ఎవరి పేరు మీద పనిచేస్తున్నామో చూసుకోమంటాను.

కోడ్ పద్ధతిలో ప్రమాదమూ ఉంది, ఇది అందరికీ తెలియాలి. మోసగాడు లాగిన్ తానే మొదలుపెట్టి, ఆ కోడ్‌ను 'మీటింగ్‌లో చేరండి' అంటూ మనకు పంపుతాడు. అసలైన మైక్రోసాఫ్ట్ పేజీలోనే మనం ఆ కోడ్ కొడతాం, టోకెన్ అతనికి పోతుంది. ఇలాంటి దాడుల గురించి 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ హెచ్చరించింది. మీరు మొదలుపెట్టని లాగిన్ తాలూకు కోడ్‌ను ఎవరు పంపినా, మీ మేనేజరు పేరుతో వచ్చినా సరే, కొట్టకండి.

ఇవన్నీ అయ్యాక కూడా క్రెడెన్షియల్స్ ఫైల్లో 'ఏకేఐఏ' వరుస అలాగే ఉంటే పని పూర్తి కానట్టే. కన్సోల్‌లో ఆ కీని చివరిసారి ఎప్పుడు వాడారో చూసి, ముందు డీయాక్టివేట్ చేసి, కొన్నాళ్లు ఏదీ ఆగిపోలేదని తేల్చుకుని, ఆ తర్వాత డిలీట్ చేయిస్తాను. ప్రొవైడరే పడిపోయిన రోజు కోసం ఒక అత్యవసర ఖాతా మాత్రం విడిగా ఉంచుతాం. దానికి హార్డ్‌వేర్ సెక్యూరిటీ కీ తప్పనిసరి. అందులోకి ఎవరు లాగిన్ అయినా టీమంతటికీ అలర్ట్ వెళుతుంది.