బొల్లి మచ్చ: దాచిన కొద్దీ ఆలస్యం

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం ప్రాంతాలలో ఆడపిల్ల ముంజేతి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ కనిపిస్తే ఇంట్లో ముందుగా తలెత్తేది పెళ్ళి ప్రశ్న. వైద్యుని ప్రస్తావన ఆ తరువాతనే వస్తుంది. జాకెట్టు చేతులు పొడుగవుతాయి, బంధువుల ఇళ్ళకు రాకపోకలు తగ్గుతాయి. ఆసుపత్రికి వెళ్ళేసరికి రెండు మూడేళ్ళు గడిచిపోయి ఉంటాయి. ఈ వ్యాధిలో ఆ రెండు మూడేళ్ళే అత్యంత విలువైనవి.

తెలుగులో బొల్లి, కన్నడంలో తొన్ను అని పిలిచే ఈ వ్యాధికి శ్వేతకుష్ఠం అనే పాతపేరు కూడా ఉన్నది. ఆ పేరు చేసిన చేటు ఇంతా అంతా కాదు. కుష్ఠు సూక్ష్మజీవి వల్ల కలుగుతుంది. దాని మచ్చ కాస్త పాలిపోయినట్లు ఉండి, అక్కడ స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ పాలవలె తెల్లనిది. గిల్లితే నొప్పి తెలుస్తుంది. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కమీద పడుకున్నా బొల్లి అంటదు. స్పర్శ తెలియని మచ్చ ఉంటే మాత్రం వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. కుష్ఠుకు అక్కడ మందులు ఉచితం, వ్యాధి పూర్తిగా నయమవుతుంది.

బొల్లిలో జరిగేది ఇది. శరీరాన్ని కాపాడవలసిన రక్షక కణాలు, చర్మానికి రంగునిచ్చే కణాలను శత్రువులుగా భ్రమించి నాశనం చేస్తాయి. ప్రపంచ జనాభాలో నూటికి అర నుండి రెండు వంతుల మందికి ఇది ఉన్నదని అంచనా. వీరిలో కొందరికి థైరాయిడ్ లోపం కూడా ఉంటుంది గనుక వైద్యులు రక్తపరీక్ష చేయిస్తారు. గీరుకున్న చోట, ఒరిపిడి కలిగిన చోట కొత్త మచ్చలు పుట్టవచ్చు. లంగా బొందు బిగించి కట్టే నడుము చుట్టూ మచ్చలు రావడానికి కారణం ఇదే. బొందును వదులు చేసి, వెడల్పు పట్టీ కుట్టించుకోవడం ఖర్చులేని వైద్యం.

నుదుటి మచ్చ సంగతి వేరుగా చెప్పుకోవాలి. కొన్ని స్టిక్కర్ బొట్ల జిగురులో ఉండే ఒక రసాయనం రంగు కణాలను చంపగలదు. బొట్టు పెట్టే చోటనే, బొట్టంత మేరకే తెల్లబడితే ముందు ఆ స్టిక్కర్ మానివేయాలి. రబ్బరు చెప్పుల పట్టీల కింద వచ్చే మచ్చలకూ ఇటువంటి రసాయనాలే కారణం కావచ్చు. మానినా మచ్చ వ్యాపిస్తుంటే చర్మవైద్యునికి చూపాలి.

చికిత్స ఉన్నది, కాని నిదానం. చిన్న మచ్చలకు స్టెరాయిడ్ పూత మందులు, ముఖానికి టాక్రోలిమస్ పూత ఇస్తారు. మచ్చలు వేగంగా వ్యాపిస్తుంటే వారానికి రెండు రోజులు మాత్రమే వేసుకునే స్టెరాయిడ్ మాత్రలు వాడతారు. విస్తారంగా ఉన్నవారికి 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చికిత్స వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి అవసరం. ముఖం, మెడ త్వరగా రంగు పట్టుతాయి. వేళ్ళ కొనలు, పెదవులు, పాదాలు మొండికేస్తాయి. వెంట్రుకల కుదుళ్ళలో మిగిలిన కణాలే పైకి వచ్చి రంగునిస్తాయి కనుక మచ్చలోని వెంట్రుకలు తెల్లబడకముందే మొదలుపెట్టడం మేలు. ఏడాది పాటు కదలని మచ్చలకు చర్మం అతికించే శస్త్రచికిత్స కూడా ఉన్నది. రుక్సోలిటినిబ్ అనే కొత్త పూతమందుకు 2022లో అమెరికా అనుమతి లభించింది.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ పూతను ఏళ్ళ తరబడి రాసుకుంటే చర్మం పలచబడుతుంది. బావంచాల నూనె విషయమూ అంతే. ఆ గింజలలో సొరాలెన్ ఉన్నది నిజమే, వైద్యశాస్త్రమూ దానిని వాడుకున్నది. కాని కొలత తెలియక పూసుకొని మధ్యాహ్నపు ఎండలో కూర్చున్నవారికి బొబ్బలు లేస్తాయి. ఆ కాలిన చోట మచ్చ ఇంకా పెరగవచ్చు. పాలు, చేపలు కలిపి తిన్నందున బొల్లి వస్తుందనడానికి, పులుపు మానితే పోతుందనడానికి ఆధారం లేదు. అన్నంలో చింతపండు చారు మాన్పించి పిల్లను శిక్షించడం అనవసరం.

బాగేపల్లి నుండి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం వల్ల కర్ణాటక స్త్రీలకు ప్రభుత్వ సాధారణ బస్సులలో ఛార్జీ లేదు. అయితే వారానికి రెండు రోజుల కూలి పోగొట్టుకొని తిరగడం ఎవరికి సాధ్యం? కాబట్టి కాంతి చికిత్స దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో, ఇంట్లో వాడే చిన్న యంత్రం తమకు తగునో మొదటి రోజే వైద్యుని అడగాలి. నాలుగు వారాలు తిరిగి, గుణం లేదని మానివేసేవారే ఎక్కువ. ఫలితం తేలడానికి మూడు నుండి ఆరు నెలలు పడుతుంది.

పెళ్ళివారు అడిగే ప్రశ్నకూ జవాబున్నది. బొల్లి గర్భధారణకు అడ్డు కాదు. వంశంలో కొంత అవకాశం ఉన్నా, బొల్లి ఉన్న తల్లికి పుట్టిన పిల్లలలో నూటికి తొంభై మందికి పైగా ఆ వ్యాధి రాదు. గర్భవతులు సొరాలెన్ మాత్రలు మింగరాదు. గర్భం నిలిచిందన్న సంగతి వైద్యునికి వెంటనే చెప్పాలి.

ఆసుపత్రికి బయలుదేరే ముందు మచ్చ ఏ నెలలో మొదలైనదో, ఇంతవరకు ఏమేమి పూసుకున్నారో ఒక కాగితం మీద రాసుకోవాలి. నెలకొకసారి ఒకే వెలుతురులో ఫోటో తీసి ఉంచాలి. రంగు మచ్చ నడుమ ఆవగింజలంత చుక్కలుగా మొదలవుతుంది. రోజూ అద్దంలో చూసుకునేవారికి అది తెలియదు, ఫోటోలో తెలుస్తుంది.