8.40 వోల్టుల గీత

రేడియో నియంత్రిత కార్ల పందేల్లో బ్యాటరీ భద్రత రెండు కొలతల మీద నిలబడి ఉంది. ఆ కొలతలకు అందని ప్రమాదాలు పిట్ బల్లల మీద ఉన్నాయి

విద్యుత్తుతో నడిచే రేడియో నియంత్రిత కార్ల పెద్ద పోటీల్లో కారు ట్రాక్ మీదికి వెళ్లే ముందు ఒక తనిఖీ బల్ల దగ్గర ఆగవలసి ఉంటుంది. రేసర్లు ‘టెక్’ అని పిలుచుకునే ఆ బల్ల వెనక నిలబడిన అధికారి మల్టీమీటర్ తీగల కొనలను బ్యాటరీ రెండు ధ్రువాలకూ ఆనించి, తెర మీది అంకెను చదువుతాడు. రెండు సెల్‌లను వరుసగా కలిపిన ప్యాక్‌లో ఆ అంకె 8.40 వోల్టులు దాటకూడదు. ఒకే సెల్‌తో నడిచే 1:12 కార్లలో 4.20, నాలుగు సెల్‌లు వాడే 1:8 బగ్గీల్లో 16.80 దాటకూడదు. మూడు హద్దులూ నిజానికి ఒకటే, సెల్‌కు 4.20 వోల్టులు. అమెరికాలో ఈ క్రీడను నడిపించే రోర్, అంటే రిమోట్లీ ఆపరేటెడ్ ఆటో రేసర్స్, ఐరోపాలోని ఎఫ్రా, ప్రపంచ పోటీలను చూసుకునే ఇఫ్మార్ వంటి సంస్థల నిబంధనావళుల్లో బ్యాటరీల గురించి ఎంతో రాసి ఉన్నప్పటికీ, రేసర్లు కార్లను సిద్ధం చేసుకునే పిట్‌లో మనుషుల చేతులనూ ఇళ్లనూ కాపాడే విషయంలో ఈ ఒక్క అంకె చేసినంత పని మరే హెచ్చరికా చేయడం లేదు.

దానికి కారణం తెలియాలంటే సెల్ లోపలికి వెళ్లాలి. ఈ కార్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీని, రేసర్ల మాటలో లైపోను, పలుచని రేకుల పొరలతో చేస్తారు: ఒక పక్క లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పూసిన అల్యూమినియం రేకు, మరో పక్క గ్రాఫైట్ పూసిన రాగి రేకు, రెంటి మధ్య అవి తాకకుండా అడ్డంగా సన్నని ప్లాస్టిక్ పొర, అన్నిటినీ తడిపి ఉంచే, తేలిగ్గా మండే ఎలక్ట్రొలైట్ ద్రవం. ఛార్జ్ చేస్తున్నప్పుడు లిథియం అయాన్లు కోబాల్ట్ వైపు నుంచి బయలుదేరి గ్రాఫైట్ పొరల్లో చేరతాయి. సెల్ 4.20 వోల్టులకు చేరేసరికి కోబాల్ట్ ఆక్సైడ్‌లోని లిథియంలో సుమారు సగం వెళ్లిపోయి ఉంటుంది. అక్కడితో ఆపితే మిగిలిన సగం ఆ స్ఫటికాన్ని నిలబెడుతుంది. ఇంకా లాగితే స్ఫటిక నిర్మాణం సడలి, వేడెక్కినప్పుడు అందులోని ఆక్సిజన్ విడుదలయ్యే స్థితి వస్తుంది. అవతలి పక్కన గ్రాఫైట్‌లో చోటు చాలని లిథియం లోహంగా పేరుకుని, సూదుల్లాంటి మొనలుగా పెరిగి, మధ్యనున్న ప్లాస్టిక్ పొరను పొడుచుకుని అవతలికి చేరగలదు. అలా చేరితే సెల్ లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది, దాని వేడికి ప్లాస్టిక్ పొర కరుగుతుంది, షార్ట్ మరింత విస్తరిస్తుంది, వేడి వేడిని పెంచుకుంటూ పోతుంది. శాస్త్రవేత్తలు థర్మల్ రన్‌అవే అని పిలిచే ఆ దశలో ఇంధనమూ ఆక్సిజన్ కూడా సెల్‌లోనే ఉంటాయి కనుక బయటి గాలిని అడ్డుకున్నంత మాత్రాన మంట ఆగదు. 7.4 వోల్టుల సామాన్య వోల్టేజీ, 6,000 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యం ఉన్న ప్యాక్‌లో సుమారు 44 వాట్ అవర్ల శక్తి నిల్వ ఉంటుంది. అరచేతిలో ఇమిడే వస్తువులో అది చిన్న శక్తి కాదు.

ఇంత తెలిసీ గీత దాటాలన్న కోరిక రేసర్‌కు ఎందుకు పుడుతుందంటే, మోటారు వేగం వోల్టేజీని అనుసరించి పెరుగుతుంది. స్టాక్ తరగతి పందేల్లో విరివిగా వాడే 17.5 చుట్ల బ్రష్‌లెస్ మోటారు, బరువు లేకుండా తిరిగేటప్పుడు, వోల్టుకు నిమిషానికి సుమారు 2,200 నుంచి 2,400 భ్రమణాలు చేస్తుంది. అంటే ప్యాక్‌ను 8.40కి బదులు 8.50 దాకా నింపిన మనిషికి నిమిషానికి 200కు పైగా భ్రమణాలు, అంటే ఒక శాతం కన్నా కాస్త ఎక్కువ వేగం, అదనంగా దక్కుతుంది. అందరి మోటార్లూ ఒకే రకంగా ఉండాలని నిబంధన పెట్టిన తరగతిలో ఆ ఒక్క శాతం విలువైనదే. అయితే ఆ ఆధిక్యం పందెం మొదటి ల్యాపుల్లోనే చాలామటుకు కరిగిపోతుంది. సెల్‌కు జరిగిన నష్టం మాత్రం ఉండిపోయి, తరువాతి ఛార్జింగ్‌లన్నిటిలోనూ ప్రమాదాన్ని కాస్త కాస్త పెంచుతుంది. సెల్‌కు 4.35 వోల్టుల దాకా తట్టుకునేలా తయారు చేసి, 7.6 వోల్టులని ముద్రించి అమ్మే ప్యాక్‌లు కూడా వచ్చాయి. 8.40 నిబంధన అమల్లో ఉన్న పోటీలో వాటిని సైతం అక్కడే ఆపాలి. ఏ రసాయనం ఎంత తట్టుకుంటుందని బల్ల దగ్గర వాదించే అవకాశాన్ని నిబంధన ఇవ్వదు, ఇవ్వకపోవడమే దాని బలం.

నిబంధన ఎంత సూటిగా ఉన్నా కొలత అంత సూటిగా ఉండదు. చేతిలో పట్టుకునే మామూలు డిజిటల్ మల్టీమీటర్ డీసీ వోల్టేజీని సుమారు అర శాతం తేడాతో చూపుతుందని తయారీదార్లే చెబుతారు, 8.40లో అర శాతం అంటే 0.042 వోల్టు. దాని ప్రకారం, రేసర్ ఛార్జర్ తెర మీద 8.40 అని కనిపించిన ప్యాక్ అధికారి మీటర్ మీద 8.43గా కనిపించవచ్చు, ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడకుండానే. అందువల్ల పోటీ జరిగే చోట నిర్వాహకుల మీటరే అంతిమ ప్రమాణం అవుతుంది, అనుభవమున్నవాళ్లు ఉదయాన్నే తమ ప్యాక్‌ను దానితో కొలిపించుకుని తమ ఛార్జర్‌కూ దానికీ ఉన్న తేడాను రాసి పెట్టుకుంటారు, కొందరు సెల్‌కు 4.19 వద్దే ఛార్జింగ్ ఆగేలా అమర్చుకుంటారు. మరో చిక్కు కాలానికి సంబంధించినది. కారు బరువునూ ఎత్తునూ పందెం ముగిశాక కొలిచినా సరిపోతుంది; వోల్టేజీ మాత్రం కారు కదిలిన క్షణం నుంచి పడిపోతుంది కాబట్టి నేరం జరిగిందో లేదో పందేనికి ముందే తేలాలి, అది కూడా కొలిచాక ప్యాక్‌ను తిరిగి ఛార్జర్‌కు తగిలించే వీలు లేకుండా కారు నేరుగా ట్రాక్ వైపు వెళ్లే చోట తేలాలి. బల్లను ట్రాక్‌కు దగ్గరగా వేయడం వెనక ఉన్న ఆలోచన అదే.

ఈ కొలతకు ఒక గుడ్డి మూల కూడా ఉంది, దాన్ని గురించి రేసింగ్ లోకంలో జరగవలసినంత చర్చ జరగడం లేదు. మీటర్ చూసేది రెండు సెల్‌ల మొత్తాన్ని. ఒక సెల్ 4.10 వద్దా రెండోది 4.30 వద్దా ఉన్నా మొత్తం 8.40గానే వస్తుంది, తెర మీద నిబంధన నెగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఒక సెల్ హద్దు దాటి ఉంటుంది. రెండు సెల్‌లనూ సమానంగా నింపేందుకు ప్యాక్‌లో రెండు సెల్‌లు కలిసే బిందువుకు ఒక సన్నని రంధ్రం ఉంటుంది, అందులో గుచ్చే తీగను బ్యాలెన్స్ లీడ్ అంటారు. ఛార్జింగ్ చేసేటప్పుడు ఆ తీగను ఛార్జర్‌కు తగిలిస్తే ఏ సెల్ ముందుకు పోతోందో ఛార్జర్ గమనించి సరిచేస్తుంది. ఆ తీగను తగిలించడం పిట్‌లో కూర్చున్న మనిషి అలవాటుకే మిగిలిపోయింది. అదే సన్నని రంధ్రంలో మీటర్ కొనను పెట్టి సెల్‌సెల్‌నూ విడిగా చదవడానికి అధికారికి మరి కొద్ది సెకన్లు చాలు. ఆ కొద్ది సెకన్లను నిబంధనావళులు తప్పనిసరి చేయడం న్యాయంగా ఉంటుంది.

వోల్టేజీ తరువాత ఎక్కువ మేలు చేస్తున్న రెండో కొలత పొడవు వెడల్పులకు సంబంధించినది. పందెపు లైపోను మెత్తని సంచిలా వదిలేయకుండా గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించాలని రోర్ నిబంధన. రెండు సెల్‌ల పూర్తి పొడవు ప్యాక్ గరిష్ఠంగా 139 మిల్లీమీటర్ల పొడవు, 47 మిల్లీమీటర్ల వెడల్పు, 25.1 మిల్లీమీటర్ల ఎత్తు ఉండవచ్చు. అన్ని కంపెనీల ప్యాక్‌లూ అన్ని కార్లలో పట్టేందుకూ, పెద్ద ప్యాక్‌తో ఎవరూ అదనపు సామర్థ్యం దొంగిలించకుండా ఉండేందుకూ పుట్టిన కొలతలవి. కానీ వయసు మీరిన లైపోలో, లేదా అతిగా నింపిన, అతిగా ఖాళీ చేసిన లైపోలో, ఎలక్ట్రొలైట్ విచ్ఛిన్నమై వాయువులు పుట్టి సెల్ పూరీలా ఉబ్బుతుంది. గట్టి పెట్టె ఆ ఉబ్బును కొంతవరకు అణచిపెట్టినా చివరికి దాని గోడలు కూడా బయటికి వంగుతాయి. ఆ దశలో ప్యాక్ 25.1 దాటిపోయి తనిఖీ చట్రంలో పట్టదు, కారులోని బ్యాటరీ గూటిలో కూడా ఇరుకవుతుంది. ఉబ్బిన బ్యాటరీని పారేయండి అని ఎన్ని పోస్టర్లు అతికించినా, ఎంతో డబ్బు పోసి కొన్న ప్యాక్‌ను పారేయడానికి ఏ రేసర్‌కూ మనసొప్పదు. దాన్ని పెడితే పందెం నుంచి తప్పిస్తారన్న భయం మాత్రం ఒప్పిస్తుంది. సమానత్వం కోసం రాసిన నియమం భద్రతను వెంట తెచ్చుకోవడం ఈ రెండు కొలతల్లోనూ కనిపించే గుణం. ఓటమితో ముడిపడిన జాగ్రత్తను రేసర్ పాటిస్తాడు, ముడిపడని జాగ్రత్తను వాయిదా వేస్తాడు.

చరిత్రను క్లుప్తంగా చెప్పుకుంటే: రోర్ 1967లో ఏర్పడింది, 1976లో జపాన్‌కు చెందిన తమియా పోర్షే 934 నమూనాతో విద్యుత్ కార్లను ఇళ్లలోకి తెచ్చింది, 1:10 విద్యుత్ ఆఫ్‌రోడ్ కార్ల మొదటి ఇఫ్మార్ ప్రపంచ పోటీ 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగింది. అప్పటి కార్లు 1.2 వోల్టుల నికెల్ కాడ్మియం సెల్‌లు ఆరింటితో, 7.2 వోల్టులతో నడిచేవి. తరువాత నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లు వచ్చి 3,000, 4,000 మిల్లీ ఆంపియర్ అవర్లు దాటాయి, వాటిని అతిగా ఛార్జ్ చేసినప్పుడు వాయువు పోయే దారి తెరుచుకోక ఉక్కు డబ్బాలు పేలిన సందర్భాలూ ఉన్నాయి. 2000ల దశకం రెండో సగంలో లైపో అనుమతి పొందాక, ఒకే తీరున డిశ్చార్జ్ అయ్యే సెల్‌లను ఏరి జతకట్టి అమ్మే వ్యాపారం దాదాపు అంతరించింది. లైపో వల్ల క్రీడ చౌకయింది, అందరికీ సమానమయింది, ప్రమాదం స్వభావం మారింది.

మారిన ఆ ప్రమాదంలో కొలతలకు అందని భాగమంతా పిట్ బల్లల మీద ఉంది. పందెపు ప్యాక్‌లో తీగలకు బదులు 4 లేదా 5 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రాలు ఉంటాయి, ఛార్జింగ్ తీగ చివర ఉన్న బుల్లెట్ ఆకారపు పిన్నులు వాటిలోకి దిగుతాయి. అదే తీగ రెండో చివరను ఛార్జర్‌కు గుచ్చే పిన్నులు చాలా తీగల్లో బయటికి తెరిచి ఉంటాయి కనుక, ముందుగా ప్యాక్‌కు తగిలించి ఆ తరువాత ఛార్జర్ వైపు తిరిగిన మనిషి చేతిలో ఆ రెండు పిన్నులూ ఒకదానికొకటి తగిలితే చాలు. మంచి పందెపు సెల్ అంతర్నిరోధం, అంటే విద్యుత్తుకు లోపల ఎదురయ్యే అడ్డు, రెండు మూడు మిల్లీ ఓమ్‌లే ఉంటుంది; లెక్క ప్రకారం 8.4 వోల్టులను రెండు సెల్‌ల మొత్తం అంతర్నిరోధంతో భాగిస్తే వచ్చే విద్యుత్తు 1,000 ఆంపియర్లకు మించుతుంది. వాస్తవంలో తీగలూ పిన్నులూ దాన్ని తగ్గిస్తాయి, అయినా పిన్నులు కరిగి అతుక్కుపోవడానికీ వేళ్లు కాలడానికీ మిగిలినది ఎక్కువే. తగిలించేటప్పుడు ఛార్జర్ ముందు, ప్యాక్ వెనక. విప్పేటప్పుడు ప్యాక్ ముందు, ఛార్జర్ వెనక. ఈ వరుసను ఏ మీటరూ తనిఖీ చేయలేదు, కొత్తగా చేరిన పిల్లలకు పక్క బల్ల మీది పెద్దవాళ్లు నేర్పితేనే వస్తుంది.

లైపోను మంటకు తట్టుకునే గాజునార సంచిలో పెట్టి ఛార్జ్ చేయాలన్న నియమం ఎఫ్రా వంటి సంస్థల నిబంధనల్లో ఉంది. అది అవసరమైన నియమమే. అయితే సంచి మంటను కొంతసేపు ఆపుతుందే తప్ప పొగను ఆపదు, ఆ పొగలో ఎలక్ట్రొలైట్‌లోని లిథియం లవణం నుంచి పుట్టే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విష వాయువులు ఉంటాయి. సంచి ఉంది కదా అన్న ధైర్యంతో ఛార్జింగ్ పెట్టి ట్రాక్ దగ్గరికి పందెం చూడటానికి వెళ్లిపోయిన మనిషికి ఆ సంచి వల్ల కలిగిన మేలు కన్నా కీడే ఎక్కువ. సామర్థ్యానికి తగిన విద్యుత్తుతో, అంటే 6,000 మిల్లీ ఆంపియర్ అవర్ల ప్యాక్‌కు 6 ఆంపియర్లతో, నింపడానికి గంటకు కాస్త పైగా పడుతుంది. ఆ సేపంతా ప్యాక్ మనిషి చూపులో ఉండాలి. పందెం లేని వారాల్లో దాన్ని నిండుగానో ఖాళీగానో ఉంచకుండా సెల్‌కు సుమారు 3.8 వోల్టుల దగ్గర నిల్వ చేయాలి.

పెట్టె 1: నిప్పు అంటుకుంటే

పిట్‌లో ఇసుక బకెట్ ఉంచడం పాత ఆచారం. ఇసుక మంటను కప్పి చుట్టుపక్కల వస్తువులను కాపాడుతుంది, సెల్‌ను మాత్రం చల్లార్చదు. పొడి చల్లే అగ్నిమాపకం కూడా పైకి కనిపించే మంటనే ఆర్పుతుంది, లోపల వేడి మిగిలితే రెండో సెల్ అంటుకుంటుంది. విమానాల్లో ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ మండినప్పుడు మంట ఆర్పిన వెంటనే నీళ్లు పోసి చల్లార్చాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ విమాన సిబ్బందికి చెబుతుంది, కారణం ఇదే. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో 8 మంది ప్రాణాలు పోయిన అగ్నిప్రమాదం కింది అంతస్తులోని విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైంది. మంట కన్నా పొగ ఎంత వేగంగా పైకి పాకుతుందో తెలుగువారికి అది చూపింది. పందెపు ప్యాక్ స్కూటర్ బ్యాటరీలో చిన్న భాగమే అయినా, మూసిన గదిలో అది మండుతున్నప్పుడు ముందుగా చేయవలసినది మనుషులను బయటికి పంపడం.

పెట్టె 2: విమానంలో ప్యాక్‌లు

వేరే దేశంలో పోటీకి వెళ్లే రేసర్ విడి లైపోలను చెక్‌ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం 100 వాట్ అవర్ల లోపు ప్యాక్‌లకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 మధ్య ఉన్నవాటికి విమాన సంస్థ అనుమతి కావాలి. రెండు సెల్‌ల ప్యాక్‌లు ఈ హద్దుకు చాలా లోపల ఉంటాయి. నాలుగు సెల్‌ల 14.8 వోల్టుల ప్యాక్ విషయంలో లెక్క చూసుకోవాలి: 6,500 మిల్లీ ఆంపియర్ అవర్లయితే 96.2 వాట్ అవర్లు, 7,000 అయితే 103.6. ధ్రువాల రంధ్రాలను టేపుతో మూసి, ఒక్కో ప్యాక్‌నూ విడి సంచిలో ఉంచాలి. వాట్ అవర్ల సంఖ్య లేబుల్ మీద చెరిగిపోతే భద్రతా సిబ్బంది ఆ ప్యాక్‌ను అక్కడే ఆపేయవచ్చు కాబట్టి లేబుల్ స్పష్టంగా ఉన్నవాటినే వెంట తీసుకెళ్లడం మేలు.